ట్యాబులో ట్యాబు: బటన్ ఎక్కడికి పోయింది?

తిరుమలలో గది ఖాళీ చేసేవాళ్లకు తొందరెక్కువ. కొండ దిగే బస్సు పట్టుకోవాలి, కింద తిరుపతి స్టేషన్లో రైలు అందుకోవాలి. తాళంచెవి ఇచ్చేశాక మిగిలేది ముందు కట్టిన కాషన్ డిపాజిట్ సంగతే. కొండమీద మఠాల విడుదులు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకచోట కౌంటర్లో డెస్క్‌టాప్ ప్రోగ్రాం నడుస్తోందనుకుందాం. పైన నాలుగు ట్యాబులు: గదులు, భక్తులు, డిపాజిట్లు, రిపోర్టులు. ‘డిపాజిట్లు’ నొక్కితే లోపల మరో మూడు: వసూలు, వాపసు, పెండింగు. క్లర్కు ‘వాపసు’ నొక్కాడు. పేజీ వచ్చింది. గది నంబరు అడిగే పెట్టె ఉంది, భక్తుడి పేరు ఉంది, ‘చెల్లించు’ బటన్ ఉండాల్సిన చోట మాత్రం బూడిదరంగు ఖాళీ. ప్రోగ్రాం రాసినాయనకు ఫోన్ చేస్తే, ‘మా దగ్గర బాగానే వస్తోంది సార్’ అన్నాడు.

ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. అక్కడ వస్తోంది, ఇక్కడ రావడం లేదు. ట్యాబు లోపలి ట్యాబులో పెట్టిన బటనో, పట్టికో, బొమ్మో కనబడకుండా పోవడం డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు పాత జబ్బు. ఒకే జబ్బులా కనిపించినా కారణాలు కనీసం అరడజను ఉంటాయి. మందు మాత్రం చాలామంది ఒకటే వేస్తారు: తెరను మళ్లీ గీయమని ఒక ఆజ్ఞ రాసి చేతులు దులుపుకోవడం. నా లెక్కలో అది వైద్యం కాదు, తాయెత్తు. ఒక్కోసారి పనిచేసినట్టు కనిపిస్తుంది కాబట్టి నమ్మకం చావదు.

విండోస్ 95తో ట్యాబులు ఆపరేటింగ్ సిస్టం ఇచ్చే సాధారణ సరంజామాలో చేరాయి. అంతకుముందే ఐబీఎం ఓఎస్/2లో నోట్‌బుక్ రూపంలో ఉండేవి. తర్వాత వచ్చిన ప్రతి టూల్‌కిట్టూ తన సొంత ట్యాబును తయారుచేసుకుంది. విజువల్ బేసిక్‌లో ఎస్‌ఎస్‌ట్యాబ్, జావా స్వింగ్‌లో జేట్యాబ్డ్‌పేన్, డాట్‌నెట్ విన్‌ఫామ్స్‌లోనూ డబ్ల్యూపీఎఫ్‌లోనూ ట్యాబ్‌కంట్రోల్, క్యూటీలో క్యూట్యాబ్‌విడ్జెట్, పైథాన్ వాళ్లు వాడే టీకింటర్‌లో నోట్‌బుక్. బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి. అయితే ట్యాబు చేసే అసలు పని దాచడం. నాలుగు పేజీల్లో మూడింటిని దాచిపెట్టి ఒకదాన్ని చూపిస్తుంది. ఆ దాచే పద్ధతి టూల్‌కిట్టుకొకటి. బటన్ పోయిందంటే, దాన్ని వెతకాల్సింది ఆ దాచే పద్ధతిలోనే.

శ్రీవారి దర్శనానికి వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో నిలబడ్డవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మీ కంపార్ట్‌మెంట్ తలుపు తెరిచే ఉండొచ్చు. దాని బయట ఉన్న గేటు మూసి ఉంటే మీరు కదల్లేరు. తెరమీద కంపొనెంట్ల పరిస్థితీ అంతే. బటన్ తనంతట తాను కనబడటానికి సిద్ధంగా ఉన్నా, అది ఉన్న ప్యానెల్, ఆ ప్యానెల్ ఉన్న లోపలి ట్యాబు పేజీ, ఆ లోపలి ట్యాబు ఉన్న బయటి పేజీ, చివరికి కిటికీ, ఇన్నీ తెరిచి ఉంటేనే బటన్ కంటికి ఆనుతుంది. స్వింగ్‌లో ఈ తేడాకు రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ‘ఇజ్‌విజిబుల్’ అడిగితే బటన్ తన సంగతి మాత్రమే చెబుతుంది. ‘ఇజ్‌షోయింగ్’ అడిగితే పైవాళ్లందరి సంగతీ కలిపి చెబుతుంది. మొదటిది ‘అవును’ అంది కదా అని గంటలు పాడుచేసుకున్నవాళ్లు కొల్లలు. విన్‌ఫామ్స్‌లో ఇది తిరగబడింది. అక్కడ ‘విజిబుల్’ అన్న ఒక్క గుణమే పైవాళ్లను కూడా కలుపుకుని జవాబిస్తుంది. ఎంచుకోని ట్యాబులో ఉన్న బటన్‌ను ‘కనబడు’ అని ఆజ్ఞాపించి, మరుక్షణం ‘కనబడుతున్నావా’ అని అడిగితే ‘లేదు’ అంటుంది. ఆ జవాబును నమ్మి దాని ఆధారంగా ఇంకో నిర్ణయం తీసుకునే కోడు రాస్తే, ‘చెల్లించు’ బటన్‌ను మనమే తెలియకుండా దాచినవాళ్లమవుతాం.

విజువల్ బేసిక్ 6 గురించి కాస్త ఆగి చెప్పాలి. 1998లో వచ్చిన ఆ సాధనంతో లాడ్జీలకు, కల్యాణ మండపాలకు, కిరాణా కొట్లకు రాసిన ప్రోగ్రాములు మన ఊళ్లలో లెక్కలేనన్ని. దాని ఎస్‌ఎస్‌ట్యాబ్ దాచే పద్ధతి విచిత్రం. ఎంచుకోని పేజీలోని కంట్రోళ్లను అది మూసిపెట్టదు, మాయం చేయదు. ఎడమవైపుకు 75,000 ట్విప్పుల దూరం తోసేస్తుంది. అంగుళానికి 1,440 ట్విప్పులు, అంటే ఉన్న చోటు నుంచి నాలుగడుగులకు పైగా ఎడమకు. ఫారం ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే ‘లెఫ్ట్’ దగ్గర మైనస్ 74,880 లాంటి అంకె కనిపిస్తుంది. తెలియనివాళ్లు ఫైలు పాడైందని కంగారుపడతారు. పాడవలేదు, అది దాక్కున్న చోటు: అసలు స్థానం 120, అందులోంచి 75,000 తీసేస్తే వచ్చినది. ఇప్పుడు ప్రోగ్రాం నడుస్తుండగా, కిటికీ పెద్దది చేసినప్పుడల్లా బటన్లన్నీ సర్దుకోవాలని ఎవరో ఒక చిన్న కోడు రాశారనుకోండి. అది ‘వాపసు’ పేజీలోని బటన్‌కు కూడా ‘ఎడమ నుంచి 120’ అని చెబుతుంది. అంతే, దాక్కున్న బటన్ బయటికొచ్చేసి ‘వసూలు’ పేజీ మీద కూర్చుంటుంది. డబ్బు తీసుకునే పేజీలో డబ్బు చెల్లించే బటన్!

అదే విజువల్ బేసిక్‌లో ఇంకో అలవాటు ఉంది. పనిముట్ల పెట్టెలో బటన్ మీద రెండుసార్లు నొక్కితే అది నేరుగా ఫారం మధ్యలో వచ్చి పడుతుంది. చూడ్డానికి ట్యాబు మీదే ఉన్నట్టుంటుంది, నిజానికి ట్యాబుకు దానికి సంబంధం లేదు. ట్యాబులు మార్చినా అది కదలదు. మౌసుతో ట్యాబు పేజీలోపల గీస్తేనే ఆ పేజీ సొత్తవుతుంది. టీకింటర్‌లో ఇదే తప్పు కోడు రూపంలో జరుగుతుంది. బటన్‌ను పేజీ ఫ్రేముకు బదులు ప్రధాన కిటికీ కింద పుట్టిస్తే, అది రావాల్సిన చోట రాక ఇంకెక్కడో తేలుతుంది.

ఇక్కడి నుంచి పేరెంట్ (ఒక వస్తువు ఏ పెట్టె సొత్తో ఆ పెట్టె) సమస్య మొదలవుతుంది. నా అభిప్రాయంలో ట్యాబులో ట్యాబు పెట్టినప్పుడు వచ్చే తగవుల్లో ఎక్కువ భాగం ఇదే. స్వింగ్‌లో ఒక కంపొనెంట్‌కు ఒకే పేరెంట్ ఉంటుంది. రెండోదానికి చేర్చగానే మొదటిదాంట్లోంచి చప్పుడు చేయకుండా తీసేస్తుంది. హెచ్చరిక లేదు, ఎర్రగీత లేదు. మన మఠం ప్రోగ్రాంలో ‘వసూలు’, ‘వాపసు’ పేజీలు రెండింటికీ గది నంబరు, పేరు, మొత్తం, అన్నీ ఒకటే. అందుకని పొదుపుగా ఒకే ప్యానెల్ తయారుచేసి రెండు పేజీల్లోకీ చేర్చారు. చివర చేర్చిన దాంట్లో మాత్రమే అది నిలుస్తుంది. మొదటిది ఖాళీ. కోడు చదివితే రెండుచోట్లా చేర్చినట్టే ఉంటుంది కాబట్టి కళ్లెదుట ఉన్నా కనబడని తప్పు ఇది. మందు తేలికే: పేజీకో ప్యానెల్ చొప్పున రెండు పుట్టించాలి, లేదా ట్యాబు మారినప్పుడల్లా ఒకే ప్యానెల్‌ను తీసుకెళ్లి అక్కడ పెట్టాలి. మొదటిదే మేలు. మెమరీ మిగుల్చుకోవాల్సిన కాలం ఎప్పుడో పోయింది.

కొలతల సంగతి దీనికి పక్కింటిదే. స్వింగ్‌లో బోర్డర్‌లేఅవుట్ వాడి, నడిమధ్య చోటులో రెండు వస్తువులు పెడితే రెండోదే మిగులుతుంది. లేఅవుట్ అక్కర్లేదని తీసేసి, కొలతలు చెప్పడం మరిచిపోతే బటన్ వెడల్పు సున్నా, ఎత్తు సున్నా. బటన్ ఉంది, దాని బొమ్మే లేదు. క్యూటీలో పేజీకి లేఅవుట్ ఇవ్వకుండా లోపలి ట్యాబును దాని మీద పెడితే, అది మూలన ముడుచుకుని కూర్చుంటుంది, కిటికీ ఎంత పెంచినా పెరగదు. పేరెంట్ ఇప్పటికే తెరమీద ఉన్నాక కొత్తగా పుట్టించిన పిల్ల విడ్జెట్‌ను విడిగా ‘షో’ అని పిలవాలని క్యూటీ పత్రాలే చెబుతాయి. పిలవకపోతే అది ఊరికే ఉంటుంది. జీటీకేలో ఇంకో చమత్కారం: పేజీ లోపలి విడ్జెట్ కనబడే స్థితిలో లేకపోతే నోట్‌బుక్ ఆ పేజీకి మారడానికే ఒప్పుకోదు. చారిత్రక కారణాల వల్ల ఇలా ఉందని వాళ్ల పత్రాల్లోనే రాసుకున్నారు. జీటీకే 3 వరకు విడ్జెట్లు పుట్టగానే దాగి ఉండేవి. 2020లో వచ్చిన జీటీకే 4 నుంచి పుట్టగానే కనబడతాయి. పాత పాఠాలు చదివి కొత్తదాంట్లో రాసేవాళ్లు ఇక్కడ తికమకపడతారు.

సోమరి ట్యాబుల సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. విన్‌ఫామ్స్‌లో ట్యాబు పేజీ ఒకసారైనా తెరమీదికి వచ్చేదాకా దానిలోని కంట్రోళ్లు పూర్తిగా పుట్టవు, వాటికి కట్టిన డేటా కూడా పారదు. కౌంటర్ తెరిచే వేళ ప్రోగ్రాం త్వరగా లేవడానికి ఇది మంచిదే. కానీ ‘గదులు’ ట్యాబులో ఉండగానే ‘వాపసు’ పేజీలోని పట్టికలో మొదటి వరసను ఎంచుకోమని కోడు రాస్తే, అక్కడ పట్టికే లేదు, వరసెక్కడిది? తర్వాత ఆ పేజీ తెరిచినప్పుడు అంతా ఖాళీగానో, పొరపాటు వరసతోనో కనిపిస్తుంది. ట్యాబులో ట్యాబు ఉంటే ఈ సోమరితనం రెండింతలు.

డబ్ల్యూపీఎఫ్‌లో ఇబ్బంది ఇంకో దారిన వస్తుంది. 2006లో డాట్‌నెట్ 3.0తో వచ్చిన ఈ టూల్‌కిట్టులో కొన్ని సంఘటనలు కిందినుంచి పైకి పాకుతాయి. లోపలి ట్యాబు మారిందన్న కబురు, బయటి ట్యాబు వింటున్న చోటికి కూడా చేరుతుంది. బయటి ట్యాబు కోడు తన పేజీయే మారిందనుకుంటుంది, డేటా మళ్లీ తెచ్చుకుంటుంది, అంతా మొదటికి తెస్తుంది. క్లర్కు ‘వాపసు’ నొక్కగానే కళ్లముందే ‘వసూలు’కు ఎగిరిపోయిందంటే అనుమానం దీనిమీదికే పోవాలి. పేజీలో ఒక కాంబోబాక్స్‌లో గది రకం మార్చినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే దాని కబురుకూ పేరు అదే. కబురు ఎవరి దగ్గర్నుంచి పుట్టిందో చూసి, తనది కాకపోతే వదిలేసే ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. ఆ ఒక్క వాక్యం తెలియక రోజులు పోగొట్టుకునేవాళ్లున్నారు.

ఇక ‘మా దగ్గర బాగానే వస్తోంది’ అన్న మాట దగ్గరికి వద్దాం. రాసినాయన కంప్యూటర్లో స్క్రీన్ స్కేలింగ్ 100 శాతం, కౌంటర్లోని కొత్త లాప్‌టాప్‌లో 125 లేదా 150. అక్షరాలు పెరిగాయి, పెట్టెలు పెరిగాయి, లోపలి ట్యాబు పేజీ చోటు మాత్రం ఆ మేరకు పెరగలేదు. అడుగున ఉన్న బటన్ పేజీ అంచు దాటి కిందికి జారిపోయింది. స్క్రోల్ పట్టీ లేదు కాబట్టి అది ఉందన్న సంగతే తెలియదు. లోపలికి పోయేకొద్దీ ప్రతి అంతస్తులోనూ శీర్షికల వరస కొంత ఎత్తు తినేస్తుంది, అంచులు ఇంకొంత. చిన్న తెరల మీద ముందు దెబ్బతినేది అట్టడుగు బటనే, అంటే ‘చెల్లించు’, ‘సేవ్’ లాంటివి. దీనికి తోడు, 64 బిట్ విండోస్‌లో కిటికీలో కిటికీ చొప్పున మరీ లోతుగా పేర్చుకుంటూ పోతే, ఒక లోతు దాటాక సైజు మారిందన్న కబురు లోపలివాటికి అందదని, అవి సరిగా సర్దుకోవని మైక్రోసాఫ్టే ఒక సహాయ వ్యాసంలో ఒప్పుకుంది. ప్యానెల్లో ట్యాబు, ట్యాబులో ప్యానెల్, దాంట్లో స్ప్లిట్టరు, మళ్లీ ట్యాబు అంటూ కట్టేవాళ్లకు ఇది ఎదురయ్యే ప్రమాదం.

తెలుగు శీర్షికలు పెడితే మరో తంటా. చాలా టూల్‌కిట్లలో ట్యాబు శీర్షిక ఎత్తును ఇంగ్లిషు అక్షరాలను మనసులో పెట్టుకుని కట్టారు. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు. ‘శ్రీనివాసం’, ‘స్త్రీలు’, ‘లక్ష్మి’ లాంటివి పెడితే ఒత్తులు సగానికి తెగిపోతాయి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చాక తెలుగు చూపడం తేలికైంది. అంతకుముందు యూనికోడ్ కాని ఫాంట్లతో రాసిన ప్రోగ్రాములు కొత్త కంప్యూటర్లో పెడితే, ఆ ఫాంటు లేని చోట పిచ్చి గుర్తులు వస్తాయి. ఫాంటులో తెలుగు లేకపోతే ఖాళీ చతురస్రాలు వస్తాయి. చతురస్రాల వరసను చూసి ‘లేబుల్ రాలేదు’ అని ఫిర్యాదు చేస్తారు. రాకేం, వచ్చింది, చదవడానికి వీల్లేకుండా. ఫాంటును కోడులో పేరుపెట్టి చెప్పడం, శీర్షికకు ఎత్తు కాస్త ఎక్కువ ఇవ్వడం, ఈ రెండూ తెలుగులో ప్రోగ్రాం రాసేవాళ్లకు అలవాటుగా మారాలి.

కౌంటర్లకు కెమెరాలు వస్తున్న కాలమిది. తిరుమల తిరుపతి దేవస్థానం (తితిదే) 2023 మార్చిలో గదుల కేటాయింపులో ముఖ గుర్తింపును ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. చిన్న విడుదులు కూడా అదే దారిన పోయి, ట్యాబు పేజీలో కెమెరా బొమ్మ పెట్టుకుంటే పాత సమస్య ఒకటి తిరిగొస్తుంది. వీడియో చూపే కంపొనెంట్లలో చాలావాటికి ఆపరేటింగ్ సిస్టం సొంత కిటికీ ఉంటుంది. డబ్ల్యూపీఎఫ్‌లో అలాంటిదాన్ని ఇమిడిస్తే అది ఎప్పుడూ అన్నిటికన్నా పైనే కూర్చుంటుంది, దాని మీద పడాల్సిన బటన్ కిందపడి కనబడదు. జావాలో పాత ఏడబ్ల్యూటీ కంపొనెంట్లను స్వింగ్‌తో కలిపినప్పుడూ ఇదే గొడవ ఉండేది. జావా 6 అప్‌డేట్ 12లో దాన్ని చాలావరకు సరిచేశారు. వెబ్ సాంకేతికతతో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు చేసే ఎలక్ట్రాన్‌లోనైతే దాగిన పేజీకి వెడల్పు సున్నా. అప్పుడు గీసిన గ్రాఫో, మ్యాపో సున్నా కొలతతోనే ఉండిపోతుంది. లీఫ్‌లెట్ మ్యాపు వాడేవాళ్లు పేజీ తెరుచుకున్నాక ‘ఇన్‌వాలిడేట్‌సైజ్’ పిలవడం అందుకే.

జబ్బులిన్ని ఉన్నా, పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఫోన్లో క్లర్కును అడిగినా సగం తేలిపోతుంది. కిటికీ అంచు పట్టుకుని కాస్త లాగితే బటన్ ప్రత్యక్షమైందా? అయితే లేఅవుట్ కొత్తగా లెక్కకట్టలేదన్నమాట. స్వింగ్‌లో ‘రివాలిడేట్’ పిలిచి, ఆ తర్వాత ‘రీపెయింట్’ పిలవాలి, రెండోది ఒక్కటే పిలిస్తే లాభం లేదు. వేరే ట్యాబుకు పోయి తిరిగొస్తే వచ్చిందా? సోమరి పేజీ లేదా గీయడంలో పొరపాటు. ఇంకో ట్యాబులో కనిపించిందా? పేరెంట్ తప్పు. తెర కొన్ని సెకన్లు బిగుసుకుపోయి తర్వాత వచ్చిందా? తెరను గీయాల్సిన థ్రెడ్‌లోనే డేటాబేస్ పని పెట్టారు. దాన్ని వేరే థ్రెడ్‌కు మార్చి, ఫలితాన్ని మాత్రం తెర థ్రెడ్‌కు అప్పజెప్పాలి. ఎన్నిసార్లు ఏం చేసినా రాలేదా? కొలత సున్నా, లేదా పైన ఎక్కడో గేటు మూసి ఉంది.

కోడు చేతిలో ఉన్నవాళ్లకు ఇంకా తేలిక. అనుమానమున్న ప్యానెల్‌కు ఎర్రరంగు పూయండి. ఎర్రగా కనిపిస్తే ప్యానెల్ ఉంది, బటనే లేదు. ఎరుపే రాకపోతే వెతుకులాట ఒక అంతస్తు పైకి పోవాలి. స్వింగ్ ప్రోగ్రాం నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్1 కలిపి నొక్కితే కిటికీలోని కంపొనెంట్ల వంశవృక్షమంతా కన్సోల్‌లో అచ్చవుతుంది. ప్రతిదాని పక్కన స్థానం, కొలత ఉంటాయి. ‘0×0’ అని కనిపిస్తే దొంగ దొరికాడు. ‘హిడెన్’ అని ఉన్నవన్నీ తప్పు కావని గుర్తుంచుకోవాలి, ఎంచుకోని పేజీలు సహజంగానే అలా ఉంటాయి. విండోస్ కిటికీలకు స్పై++, డబ్ల్యూపీఎఫ్‌కు స్నూప్, జీటీకేకు దాని సొంత ఇన్‌స్పెక్టర్ ఉన్నాయి. వీటిని వాడకుండా కోడును కళ్లతో గాలించేవాళ్లే ఎక్కువమంది. నాకు అది అర్థంకాని పట్టుదల.

రోగాలకు మందులు చెప్పుకుంటూ పోయాం కానీ, అసలు ట్యాబులో ట్యాబు ఎందుకు పెడుతున్నామన్న ప్రశ్న మిగిలే ఉంది. విండోస్ డిజైన్ మార్గదర్శకాల్లో ట్యాబులను ఒకదాంట్లో ఒకటి పెట్టొద్దని మైక్రోసాఫ్ట్ సూటిగానే చెప్పింది. బదులుగా నిలువు ట్యాబులో, డ్రాప్‌డౌన్ జాబితానో వాడమంది. 2007లో ట్యాబుల వాడకంపై రాసిన వ్యాసంలో యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ శీర్షికలు ఒకే వరసలో ఉండాలని అన్నాడు. ఇవి రెండూ వాడేవాళ్ల సౌకర్యం కోసం చెప్పిన మాటలు. నా దృష్టిలో రాసేవాళ్ల ప్రాణానికి కూడా అవే మేలు. పైన చెప్పిన చిక్కుల్లో చాలావాటికి లోతు తగ్గితే కోరలు ఊడిపోతాయి. ఒక అంతస్తు తగ్గితే పేరెంట్లు తగ్గుతాయి, పైకి పాకే కబుర్లు తగ్గుతాయి, తెరమీద చోటు పెరుగుతుంది.

మన మఠం ప్రోగ్రాంనే తీసుకుంటే, ‘డిపాజిట్లు’ పేజీలో లోపలి మూడు ట్యాబులు అక్కర్లేదు. గది నంబరు కొడితే చాలు. డిపాజిట్ కట్టనివాళ్లకు ‘వసూలు’ బటన్, కట్టినవాళ్లకు ‘చెల్లించు’ బటన్ ప్రోగ్రామే చూపించగలదు. ఏ పేజీకి పోవాలో క్లర్కు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కౌంటర్ ప్రోగ్రాములు రాసే కుర్రవాళ్లకు మనవి: లోపలి ట్యాబు పెట్టేముందు ఒక జాబితాతో ఆ పని జరుగుతుందేమో చూడండి. పెట్టక తప్పకపోతే రెండో అంతస్తు దాటనివ్వకండి. ఏది రాసినా 125 శాతం స్కేలింగ్ ఉన్న తెర మీద, తెలుగు శీర్షికలతో ఒకసారి నడిపి చూశాకే కౌంటర్‌కు పంపండి.